పేరు లేని పీత

నెల్లూరునకు ఉత్తరమున కొడవలూరు అను గ్రామము కలదు. దాని చుట్టును వరిపొలములు వ్యాపించియున్నవి. మళ్ళ గట్ల వెంట నడచి బడికి పోవు బాలునకు ఎండ్రకాయ క్రొత్త ప్రాణి కాదు. అది గట్టును తొలిచి బొరియ చేసికొనును. ఆ బొరియగుండ పై మడిలోని నీరు క్రింది మడికి జారిపోవును. అందుచేత రైతు దానిని చూచినంతనే పార చేతబట్టును.

కొడవలూరు నుండి తూర్పుగా పోయి, విడవలూరును, బకింగ్‌హాం కాలువను దాటినచో సముద్రతీరము వచ్చును. ఆటు సమయమున అలలు వెనుకకు తగ్గినప్పుడు తడి ఇసుకపై వేలకొలది చిన్న పీతలు బయలుదేరును. కొన్ని బఠాణిగింజంత యుండును. అవి ఇసుకను నోటిలో వేసికొని, అందలి ఆహారకణములను వడకట్టి, మిగిలిన ఇసుకను చిన్న చిన్న ఉండలుగా చేసి విడిచిపెట్టును. కొన్ని ఎఱ్ఱగా మెరయుచు, మనిషి అడుగుల అదురు సోకగానే కన్నుమూసి తెరచునంతలో బొరియలలో దూరును. కాలువల అంచుల బురదలో మరికొన్ని కలవు. వాని మగవానికి ఒక డెక్క చిన్నది, రెండవది తన దేహమంత పెద్దది. ఆల్చిప్పల లోపల దాగి బ్రదుకు పీతలు సహితము సముద్రములో నున్నవి.

ఇవి యన్నియు ఒకే జాతివా? కానిచో ఎన్ని జాతులు? ఒకటి మరియొకటి కాదని ఎట్లు తెలియును? ఇదివరకెవ్వరును చూడని పీత దొరకినచో అది క్రొత్తదని ఎవరు చెప్పగలరు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకు శాస్త్రమునకు వర్గీకరణ శాస్త్రమని పేరు.

పీతయు రొయ్యయు జ్ఞాతులు. రెండింటికిని గట్టి పెంకు కవచము. రెండింటికిని పది కాళ్ళు. రొయ్య తన తోకను చాచి యుంచును. పీత తన పొత్తికడుపును మడచి, రొమ్ము క్రింద అదిమి దాచుకొనును. పీతను వెల్లకిల త్రిప్పినచో ఈ మడత స్పష్టముగా కనబడును. మగదానికి అది సన్నముగా నుండును. ఆడుదానికి వెడల్పుగా, గుండ్రముగా నుండును. ఆడుపీత తన గ్రుడ్లను ఈ మడత క్రిందనే మోయుచు తిరుగును. ఇట్టి నిజమైన పీతల జాతులు ప్రపంచమున ఎన్ని యని ముగ్గురు శాస్త్రజ్ఞులు లెక్కించి 2008లో ఒక పట్టికను ప్రకటించిరి. అందు 6,793 జాతులున్నవి. అటుపిమ్మట ఆ సంఖ్య ఏటేట పెరుగుచునే యున్నది.

జాలరులకు పీతలను గూర్చి తెలియని సంగతి లేదు. ఏ పోటునకు ఏది వలలో పడునో, దేని మాంసము రుచియో, ఏది ఎప్పుడు కుబుసము విడుచునో వారు ఎరుగుదురు. అయితే ఒక ఊరివారు ఒక పీతకు పెట్టిన పేరును ప్రక్క ఊరివారు వేరొక పీతకు పెట్టవచ్చును. నెల్లూరు మాట చెన్నపట్టణమున చెల్లదు. చెన్నపట్టణపు మాట బొంబాయిలో తెలియదు. ఎల్ల దేశముల వారును ఒక ప్రాణిని ఒకే పేరుతో పిలుచుటకై స్వీడను దేశస్థుడైన లినేయస్ రెండు మాటల పేర్ల పద్ధతిని నెలకొల్పెను. మొదటి మాట ప్రజాతిని, రెండవది ఆ ప్రజాతిలోని జాతిని తెలుపును. ఇది ఇంటిపేరును, పెట్టినపేరును కలిపి చెప్పుట వంటిది. 1758లో వెలువడిన అతని గ్రంథము నుండియే జంతువుల శాస్త్రీయ నామములకు లెక్క ప్రారంభమగును.

లినేయస్ శిష్యులలో ఫాబ్రీషియస్ అను డేనిష్ శాస్త్రజ్ఞుడొకడు. ఆ కాలమున కోరమండల తీరమునందలి తరంగంబాడి డేనిష్ వారి యధీనములో నుండెను. ఐరోపా వారు దానిని ట్రాంక్విబార్ అని పిలిచెడివారు. అచ్చటి నుండి డాల్డార్ఫ్ అను ప్రకృతి పరిశీలకుడు సేకరించిన ప్రాణులు సముద్రములు దాటి ఫాబ్రీషియసును చేరెను. అతడు వానిని పరిశీలించి, 1798లో ప్రకటించిన గ్రంథమున అనేక పీతలకు నామకరణము చేసెను. ఒక పెద్ద పీతకు ఆ ఊరి పేరుమీదుగా 'ట్రాంక్విబారికా' అని పేరు పెట్టెను. మరియొక దానికి 'సెనెక్స్' అని పెట్టెను. లాటిను భాషలో ఆ మాటకు ముసలివాడు అని యర్థము. దక్షిణదేశపు వరిపొలముల ఎండ్రకాయను శాస్త్రజ్ఞులు నేటికిని ఓజియోటెల్ఫ్యూసా సెనెక్స్ అనియే పిలుచుచున్నారు. రైతు పారతో తరుము ఆ ప్రాణిపై తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎన్నో ప్రయోగములు సలిపిరి. ఆ పేరు స్థిరముగా నుండుటచేతనే ఇతర దేశములవారు వారి వ్రాతలను చదివి, ఆ ప్రయోగములు ఏ ప్రాణిపై జరిగినవో తెలిసికొనగలిగిరి.

భారతదేశపు సముద్రములలోని పీతలను క్రమముగా పరిశీలించిన వారిలో ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ ముఖ్యుడు. అతడు వైద్యుడు. సముద్రపు లోతులను కొలిచి పటములు వ్రాయుటకై 'ఇన్వెస్టిగేటర్' అను ఓడ భారత తీరములలో తిరుగుచుండెడిది. 1888 నుండి 1892 వరకు ఆల్కాక్ ఆ ఓడలో వైద్యుడుగాను, ప్రకృతి శాస్త్రజ్ఞుడుగాను పనిచేసెను. ఓడవారు అడుగునకు వల దింపి పైకి లాగినప్పుడు బురదతో కూడ వచ్చిన ప్రాణులను అతడు ఏరి భద్రపరచెను. తరువాత కలకత్తాలోని ఇండియన్ మ్యూజియమునకు అధిపతియై, 1895 నుండి 1900 వరకు భారతదేశపు పీతలను గూర్చి గొప్ప గ్రంథమును భాగములు భాగములుగా ప్రకటించెను. 1916లో భారత జంతు సర్వేక్షణ సంస్థ ఏర్పడెను. నెల్సన్ అన్నండేల్ దానికి తొలి అధ్యక్షుడు. ఆల్కాక్ సేకరించిన నమూనాలలో పెక్కు కలకత్తాలో భద్రముగా నిలిచియుండుటచే పరిశోధకులు నేటికిని తమ పీతలను వానితో సరిపోల్చుకొనుచున్నారు.

ఒక పీతను మరియొక పీత నుండి వేరుచేయుటకు రంగు చాలదు. ఎండలో నున్న పీత ఒక రంగుగాను, నీడలో నున్నది మరియొక రంగుగాను కనబడవచ్చును. ఆల్కహాలులో వేసిన కొలది దినములకే రంగు వెలిసిపోవును. కావున శాస్త్రజ్ఞులు దేహనిర్మాణమును చూతురు. ఉదాహరణమునకు, ఇసుకపై పరుగెత్తు పీతల ప్రజాతికి ఓసిపోడే అని పేరు. వడిగల పాదములు కలది అని ఆ మాటకర్థము. ఈ ప్రజాతిలో కొన్ని జాతులకు కన్ను కాడ చివర ఒక కొమ్ము పొడుచుకొని యుండును. కోరమండల తీరపు ఎఱ్ఱపీత యట్టిది. దాని పేరైన మాక్రోసెరా అను మాటకే పొడవైన కొమ్ము కలది అని యర్థము. కార్డిమానా అను జాతికి ఆ కొమ్ము లేదు. మాక్రోసెరా డెక్క లోపలివైపు వరుసగా గీతలు కలవు. అది వానిని తన కాలి భాగమునకు రాపాడించి ధ్వని చేయును. కార్డిమానాకు ఆ గీతలును లేవు. ఇట్లు కొమ్ము కలదా లేదా, గీతలు కలవా లేవా అని ఒక్కొక్క ప్రశ్నను వేసికొనుచు పోయినచో తుదకు జాతి తెలియును. ఇట్టి ప్రశ్నల వరుసను శాస్త్రజ్ఞులు తాళపుచెవి యందురు.

అయితే ఒక్క లక్షణమును నమ్ముకొన్నవాడు మోసపోవును. కొమ్ము కల జాతులలో సహితము పిల్లపీతలకు కొమ్ము ఏర్పడి యుండదు. తొందరపడినవాడు ఆ పిల్లను చూచి, 'ఇది కొమ్ములేని క్రొత్త జాతి' అని వ్రాయగలడు. మగదానికిని ఆడుదానికిని రూపభేదము మిక్కుటముగా నున్నచోట రెంటిని రెండు జాతులుగా ఎంచిన సందర్భములును శాస్త్ర చరిత్రలో కలవు.

అన్నింటికంటె విచిత్రమైనది 'జోయియా' కథ. సముద్రజలములో గాజువలె పారదర్శకమై, పెద్ద కన్నులును, తలపై ముల్లును గల సూక్ష్మప్రాణి యొకటి తేలుచుండును. బోస్క్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1802లో దానిని ప్రత్యేకమైన ప్రాణిగా భావించి, జోయియా అను క్రొత్త ప్రజాతిని కల్పించెను. ఐర్లండులోని కార్క్ నగరమున జాన్ వాన్ థాంప్సన్ అను సైనిక వైద్యుడుండెను. అతడు ఆ ప్రాణులను సముద్రపు నీటి పాత్రలో ఉంచి ఓపికతో కనిపెట్టి చూచెను. అవి రూపము మార్చుకొనుట మొదలిడెను. తరువాత పీత గ్రుడ్లు పొదుగగా అందుండి జోయియాయే వెలువడెను! అది వేరు ప్రాణి కాదు, పీత శిశువే అని అతడు 1828లో ప్రకటించెను. మొదట అనేకులు నమ్మలేదు. కాని పాత్రలోని ప్రాణి సాక్ష్యము చెప్పుచుండగా ఎవరు కాదనగలరు? ఒక ప్రజాతి పేరు పుస్తకములనుండి తొలగి, శైశవదశకు పేరుగా మిగిలెను.

కావున క్రొత్త జాతిని ప్రకటింపదలచినవాడు మిక్కిలి జాగరూకుడై యుండవలెను. అతడు చేయు పని ఈ విధముగా సాగును. పీతను పట్టినంతనే ఆల్కహాలులో పడవేయరాదు. అట్లు చేసినచో అది బాధతో కాళ్ళను విదిల్చి రాల్చివేయును; కాళ్ళు లేని నమూనా వర్ణనకు పనికిరాదు. మొదట దానిని మంచులో నుంచినచో స్పృహ తప్పును. పిమ్మట సీసాలో భద్రపరచి, ఏ ఊరిలో, ఏ దినమున, ఎట్టి నేలలో, ఎవరికి దొరకినదో చీటీ వ్రాసి అందుంచవలెను. ఆ చీటీని పెన్సిలుతో వ్రాయుట మేలు. సామాన్యమైన సిరా ఆల్కహాలులో కరగిపోవును. చీటీ లేని పీత ఎంత యపురూపమైనదైనను ఊరు పేరు లేని యుత్తరము వంటిదే.

తరువాత పై పెంకు పొడవును, వెడల్పును మిల్లీమీటరులో భాగముల వరకు కొలుతురు. నొసటి యంచు, ప్రక్కల పండ్లు, డెక్కల ఆకారము, కాళ్ళపై రోమములు, నోటి యవయవములు, వీనినన్నింటిని సూక్ష్మదర్శినిలో చూచి బొమ్మలు గీయుదురు. మగపీత పొత్తికడుపు మడత క్రింద దాగిన మొదటి జత ఉపాంగములు మిక్కిలి ముఖ్యము. పైకి అచ్చముగా ఒకటిగా కనబడు రెండు జాతులు సహితము వీని కొనల ఆకారముచే బయటపడును. ఇటీవలి కాలమున కణములలోని డి.ఎన్.ఏ. వరుసలను కూడ పోల్చుచున్నారు.

ఇంతటితో సగము పనియే ముగిసినది. రెండవ సగము గ్రంథాలయములోను, మ్యూజియములలోను జరుగవలెను. ఆ ప్రజాతిలో ఇదివరకు పేరుపొందిన ప్రతి జాతి వర్ణనను చదువవలెను. నూరు, రెండు నూరులయేండ్ల క్రిందటి లాటిను వ్రాతలను సహితము విడువరాదు. మొదటి శాస్త్రజ్ఞుడు ఏ పీతను చేతబట్టి వర్ణించెనో, సాధ్యమైనచో ఆ పీతనే చూడవలెను. దానిని ప్రమాణ నమూనా యందురు. అంగడిలో తూకపురాయి ఎట్టిదో జాతికి ప్రమాణ నమూనా యట్టిది. తగవు వచ్చినప్పుడు తీర్పు చెప్పునది అదియే. ఏ జాతితోను తన పీత కలియదని తేలినప్పుడే క్రొత్తపేరు పెట్టుటకు పరిశోధకునకు అధికారము కలుగును. అతడును తన ప్రమాణ నమూనాను మ్యూజియమున నిలిపి, వర్ణనను అచ్చు వేయించి లోకమునకు తెలుపవలెను. ఊరి పేరు, పీత లక్షణము, పూజ్యులైన వారి పేరు, ఏదైనను పెట్టవచ్చును. తన పేరు తానే పెట్టుకొనుట మర్యాద కాదు. ఒకే జాతికి ఇద్దరు పేర్లు పెట్టియున్నచో సామాన్యముగా ముందు పెట్టిన పేరే నిలుచును. పెట్టినవాడు గొప్పవాడా, కాడా యను విచారణ లేదు.

ఈ కార్యము గతించిన కాలపు కథ మాత్రమే కాదు. తమిళనాడులో వెళ్ళారు నది సముద్రమున కలియుచోట పరంగిపేట కలదు. అచ్చటి మడ అడవుల బురదలో బొరియలు చేసికొని బ్రదుకు ఒక చిన్న పీత అన్నామలై విశ్వవిద్యాలయ పరిశోధకుల కంటబడెను. దాని వెడల్పు 20 మిల్లీమీటరులకు మించదు. వారు తైవాను దేశపు శాస్త్రజ్ఞులతో కూడి దానిని పరిశీలించిరి. అది సూడోహెలిస్ అను ప్రజాతికి చెందినదని తేలెను. ఆ ప్రజాతిలో అంతకుముందు నిర్ధారితమైన జాతులు రెండే. ఈ పీత రూపమునందును, డి.ఎన్.ఏ. యందును ఆ రెండింటికంటె భిన్నముగా నుండెను. 2022లో దానికి సూడోహెలిస్ అన్నామలై అని నామకరణము జరిగెను. ఎన్నితరముల వారు ఆ బురదలో నడచిరో! పీత అచ్చటనే యుండెను. పేరు మాత్రము లేకుండెను.

ఒక పేరు తప్పినంత మాత్రమున వచ్చు నష్టమేమి యని కొందరడుగవచ్చును. నెల్లూరు తీరపు ఉప్పునీటి చెరువులలో పెంచు మండపీతయే దీనికి సమాధానము. ఇది సజీవముగా సింగపూరు మొదలగు దేశములకు ఎగుమతియగు విలువైన పీత. దీని ప్రజాతి పేరు సిల్లా. 1949లో ఫిలిప్పీను దేశపు ఎస్టాంపడోర్ అను శాస్త్రజ్ఞుడు ఇందు ఒకటి కంటె ఎక్కువ జాతులున్నవని వ్రాసెను. 1960లో ఇతరులు ఆ భేదములు చాలవని త్రోసిపుచ్చి, అన్నింటిని సెర్రాటా అను ఒక్క జాతిగా కలిపివేసిరి. దాదాపు నలువదియేండ్లు లోకమున పెక్కుమంది ఆ మాటనే యనుసరించిరి. 1998లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పాత నమూనాలను, డి.ఎన్.ఏ.ను పరీక్షించి, జాతులు ఒకటి కాదు, నాలుగని స్థిరపరచిరి.

భారతదేశమున చిక్కు మరియొక విధముగా వచ్చెను. ఇచ్చట ఒక పెద్ద పీతయు, ఒక చిన్న పీతయు కలవని జాలరులకును, శాస్త్రజ్ఞులకును తెలియును. పెద్దదానిని ట్రాంక్విబారికా అనియు, చిన్నదానిని సెర్రాటా అనియు అనేకులు వ్రాయుచు వచ్చిరి. తమిళనాడులోని శీర్కాళి సమీపమున జలజీవుల పెంపకమును పరిశోధించు రాజీవ్ గాంధీ కేంద్రము వారు భారత తీరముల నానాస్థలముల పీతలను తెప్పించి పరీక్షించిరి. వారి ఫలితములు 2014లో వెలువడెను. పెద్దది నిజముగా సెర్రాటా. చిన్నది ఒలివేసియా అను జాతి. తరంగంబాడి పేరు మోయుచున్న ట్రాంక్విబారికా వారు పరీక్షించిన పీతలలో ఒక్కటియు కనబడలేదు!

పెద్దజాతి రెండు కిలోగ్రాములకు మించి పెరుగగలదు. చిన్నజాతి అంతటిది కాదు. ఒక గ్రంథమున 'సెర్రాటా త్వరగా పెరుగును, మిక్కిలి పెద్దదగును' అని చదివి, ఆ పేరుతో చిన్నజాతి పిల్లలను కొని చెరువులో విడిచిన రైతు గతి యేమి? నెలల తరబడి మేత వేసినను అవి అతడు కోరిన తూకమునకు రావు. తప్పు అతనిది కాదు, చెరువుది కాదు, పీతది అసలే కాదు, పేరుది. ఏ పరిమాణమునకు లోబడిన పీతలను పట్టరాదని నిర్ణయించుటకును జాతి తెలియవలెను. పెద్దజాతి ఇంకను పిల్లగా నుండు పరిమాణమునకే చిన్నజాతి గ్రుడ్లు పెట్టు వయస్సునకు రావచ్చును. రెంటికి ఒకే కొలత పెట్టినచో ఒకదానికి అన్యాయము జరుగును. అదృష్టవశమున వీనిని వేరుచేయుట బాలురకు సహితము సాధ్యమే. పెద్దజాతికి డెక్క మణికట్టు వెలుపలివైపున రెండు వాడియైన ముళ్ళుండును. కాళ్ళన్నింటిపైనను వలవంటి చారలుండును. చిన్నజాతికి అట్టి రెండు వాడి ముళ్ళు లేవు. నొసటి పండ్లును మొద్దుబారి యుండును.

కొడవలూరు బాలుడు గట్టుమీద చూచు ఎండ్రకాయకు 1798లోనే పేరు దొరకినది. తూర్పు తీరమున ఆటు సమయమున బయలుదేరు పీతలలో అధికభాగమునకు ఆల్కాక్ నాటికే పేర్లున్నవి. కాని సముద్రపు టడుగున, మడచెట్ల వేళ్ళ సందులలో, ఆల్చిప్పల కడుపులలో ఇంకను ఎవ్వరును గుర్తింపని చిన్న ప్రాణులు లేవని ఎవరును చెప్పజాలరు. వానిని కనుగొనుటకు ముందుగా కావలసినది పెద్ద ఓడ కాదు. చూచినదానిని మరల చూచు ఓపికయు, తెలిసినవారు వ్రాసినదానిని చదువు శ్రద్ధయు, సీసాలో పీతతోపాటు చీటీని మరువక వేయు అలవాటును చాలును.

ప్రశ్నలు

1. ఊరివారు పెట్టిన పేర్లుండగా పీతలకు శాస్త్రీయ నామములు ఏల కావలసివచ్చెను?
2. జోయియా ప్రత్యేక ప్రాణి కాదని థాంప్సన్ ఎట్లు నిరూపించెను?
3. ప్రమాణ నమూనా యననేమి? దానిని తూకపురాయితో ఏల పోల్చిరి?
4. మండపీతల పేర్లలో జరిగిన పొరపాటును, దానివలన పీతలు పెంచువారికి కలుగు నష్టమును వివరింపుము.
5. మీ యూరి పొలములలోగాని, కాలువలలోగాని, తీరమునగాని కనబడు ఒక పీతను పరిశీలించి, దాని దేహనిర్మాణమును పది వాక్యములలో వర్ణింపుము.